ఊరి చిన్న బడిలో పాపను చేర్పించే ముందు ఏమేమి చూడాలి?

ప్రశ్న:
మా ఊరి ప్రాథమిక పాఠశాలలో ఐదు తరగతులకూ కలిపి 22 మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయులు ఉన్నారు. పాపను రోజూ బస్సులో పట్నం పంపడం కంటే ఇక్కడే ఒకటో తరగతిలో చేర్పించాలని ఉంది గానీ, ఒకే గదిలో మూడు తరగతులు కూర్చోవడం చూసి వెనకాడుతున్నాను. అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1 (ఉపాధ్యాయుడు):
2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక పాఠశాలలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలి కాబట్టి, ఆ లెక్క సరిగానే ఉందండి. ప్రధానోపాధ్యాయుల అనుమతితో ఒక గంట వెనుక బల్లపై కూర్చుని, ఒక తరగతికి పాఠం జరుగుతున్నప్పుడు మిగతా రెండు తరగతుల పిల్లలు ఏమి చేస్తున్నారో గమనించండి. మా బడిలో మూడో తరగతి అమ్మాయి ఒకటో తరగతి బాబు వేలు పట్టుకుని పలకపై 'ఞ' దిద్దిస్తుంది. అలాంటి అలవాటు ఉన్న గదిలో చిన్నపిల్లలు త్వరగా చదువుతారు. ఇద్దరిలో ఒకరు సెలవు పెడితే ఏర్పాటేమిటో తప్పక అడగండి.

సమాధానం 2 (ఒక తల్లి):
మరుగుదొడ్డిలో నీళ్లు వస్తున్నాయో లేదో మీరే కుళాయి తిప్పి చూడండి. మా పాప నీళ్ల సీసా రోజూ నిండుగానే తిరిగి వస్తుంటే ఆరా తీశాను. అక్కడ నీళ్లు లేవని బడిలో తాగడమే మానేసిందట. యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలే ఉండాలని చట్టంలో ఉంది గనుక, నేను అందులో చేరి పట్టుబట్టాక మోటారు బాగయింది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. సోమవారం వెళ్లి, భోజన సమయం దాకా అక్కడే ఉంటాను.