అప్‌డేట్: కీక్లోక్ 16 నుంచి క్వార్కస్‌కి మారిపోయాం

మా యాప్‌లన్నిటికీ లాగిన్ చూసుకునే సాఫ్ట్‌వేర్ కీక్లోక్. 2022లో వచ్చిన 17వ వెర్షన్ నుంచి అది తను నడిచే జావా సర్వర్ వైల్డ్‌ఫ్లైని పక్కనపెట్టి, క్వార్కస్ అనే జావా ఫ్రేమ్‌వర్క్ మీదికి వెళ్లింది కదా, మా పాత 16ని ఎలా మార్చాలని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. మొన్న ఆదివారం రాత్రి పని పూర్తయింది.

నేను భయపడిన డేటాబేస్ ఏ ఇబ్బందీ పెట్టలేదు. బ్యాకప్ తీసి కొత్త సర్వర్ స్టార్ట్ చేస్తే స్కీమా (టేబుళ్ల నిర్మాణం) దానంతటదే అప్‌గ్రేడ్ అయింది. టెన్షన్ పెట్టింది కీక్లోక్ వెబ్ అడ్రస్‌లోని ‘ఆథ్’ (/auth) అనే ముక్క. కొత్తదాంట్లో అది డిఫాల్ట్‌గా ఉండదు. దాంతో లాగిన్ అయ్యాక కీక్లోక్ ఇచ్చే టోకెన్‌లో ఇష్యూయర్ అడ్రస్ (టోకెన్ ఎవరిచ్చారో చెప్పేది) కూడా మారిపోయి, టెస్ట్ సర్వర్‌లో మా యాప్‌లన్నీ లాగిన్ దగ్గరే ఆగిపోయాయి. అడ్రస్‌లో సర్వర్ పేరు తర్వాత ఏం రావాలో చెప్పే రిలేటివ్ పాత్ సెట్టింగ్‌లో పాత దారే ఇచ్చి మళ్లీ బిల్డ్ చేశాక కుదిరింది.

పాత సర్వర్‌లోని ఎక్స్‌ఎంఎల్ సెట్టింగులు మాత్రం కొత్త కాన్ఫిగ్ ఫైల్లోకి చేత్తోనే రాసుకున్నాను, రెండు రోజులు పట్టింది. ముందు టెస్ట్‌లో చేసి చూడమని పట్టుబట్టిన అందరికీ చాలా థ్యాంక్స్.