విడిగా రికార్డు చేసిన ఆడియో ఫోన్ వీడియోకి కలవట్లేదు, చివర్లో జారిపోతోంది

పాఠాలపిచ్చి
వీడియో ఒక ఫోన్‌లో తీస్తున్నాను. మాట మాత్రం రెండో ఫోన్‌కి తగిలించిన కాలర్ మైకులో రికార్డు చేస్తున్నాను. ఎడిటింగ్ యాప్‌లో కలిపితే మొదట్లో బాగానే ఉంటుంది. నలభై నిమిషాల పాఠం చివరికొచ్చేసరికి పెదాలు ముందు, మాట వెనక. కంప్యూటర్ లేదు, అంతా ఫోన్‌లోనే జరగాలి. ఇంకో రెండు సందేహాలు: ఎక్స్‌పోర్ట్ చేస్తే క్వాలిటీ తగ్గకుండా ఏం చేయాలి? ఫ్యాన్ హోరు ఎలా పోతుంది?

చప్పట్లరాయుడు
రెండు రికార్డింగులూ మొదలయ్యాక కెమెరాకి కనిపించేలా గట్టిగా ఒక చప్పట్టు కొట్టండి. వేవ్‌ఫామ్‌లో, అంటే యాప్ శబ్దాన్ని గీతలుగా చూపే చోట, నిటారుగా గీత లేస్తుంది, వీడియోలో అరచేతులు తాకిన ఫ్రేము దొరుకుతుంది. రెండూ ఒకచోటికి జరిపితే పనైపోయింది. ఇంతదానికి చర్చ దేనికో.

కందిరీగ
ప్రశ్న చదివారా రాయుడుగారూ? మొదట్లో కలుస్తోందనే కదా ఆయనా అంటున్నది. చివర్లో ఇంకో చప్పట్టు కొట్టాలి. రెండింటి మధ్య దూరం వీడియోలో ఎంత, ఆడియోలో ఎంత అని చూస్తే ఎంత జారిందో తేలిపోతుంది.

ఇయర్‌బడ్‌దాసు
అదంతా తర్వాత. బ్లూటూత్ ఇయర్‌బడ్స్ పెట్టుకుని చూస్తున్నారా? మా తమ్ముడు అలాగే వింటూ, మాట ఆలస్యమవుతోందని ఆడియోని ముందుకు జరిపేశాడు. స్పీకర్‌లో పెడితే నోరు తెరవకముందే మాట వచ్చేస్తోంది.

గమకం
అది చవక ఇయర్‌బడ్స్‌తో వచ్చే గోల. నావి మంచివి, లేటెన్సీ (ఆ ఆలస్యం) అనేదే లేదు. సినిమా చూస్తే పెదాలు చక్కగా కలుస్తాయి.

ఇయర్‌బడ్‌దాసు
సినిమాలో కలుస్తాయి బ్రో. ప్లేయర్ ఆ ఆలస్యం చూసుకుని బొమ్మనీ అంతే ఆపి చూపిస్తుంది. ఎడిటింగ్ టైమ్‌లైన్‌లో చాలా యాప్‌లు ఆ పని చేయవు. ఖరీదుకీ దీనికీ సంబంధం లేదు.

గమకం
వాడి చూడకుండానే చెప్పేస్తారు అందరూ. నేను పాటలు కూడా వాటి మైకుతోనే రికార్డు చేస్తాను, ఒక్కరూ వంక పెట్టలేదు.

కందిరీగ
మొహమాటపడి ఉంటారు.

నిశ్శబ్దం48
ఏళ్ల తరబడి స్టూడియోలో పనిచేస్తున్నాను కాబట్టి చెబుతున్నా, గమకంగారు కోపగించుకోకండి. ఇయర్‌బడ్స్ మైకు తెరవగానే బ్లూటూత్ మామూలుగా ఫోన్‌కాల్ పద్ధతికి మారిపోతుంది. శాంప్లింగ్, అంటే సెకనుకి శబ్దాన్ని కొలిచే సార్లు, 8 లేదా 16 కిలోహెర్ట్జ్‌కి (వేలకి) పడిపోతుంది. 16 అయితే అందులో సగం, అంటే 8 కిలోహెర్ట్జ్ పైన ఉండే సన్నని శబ్దాలేమీ మిగలవు. స, ష లాంటి అక్షరాలు మొద్దుబారడానికి కారణం అదే.

గమకం
స్టూడియో వాళ్లకి ఫోన్‌లో పనిచేసేవాళ్లంటే ఎప్పుడూ చిన్నచూపే. నా పాట నా ఇష్టం.

నిశ్శబ్దం48
సరే. అసలు ప్రశ్నకొస్తే, ఏ రెండు పరికరాల గడియారాలూ కచ్చితంగా ఒకే వేగంతో నడవవు. తేడా పది లక్షల్లో 50 వంతులున్నా నలభై నిమిషాలకి 0.12 సెకను. ప్రసారాల కోసం ఐటీయూ (అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్) రాసిన సిఫార్సు ప్రకారం మాట 45 మిల్లీసెకన్లు ముందొస్తేనే పసిగడతాం, వెనకొస్తే మాత్రం 125 దాకా తెలియదు. అంటే గడియారం తేడా అయితే మీకు అంతంతమాత్రంగానే కనిపించాలి. అంతకన్నా బాగా ఎక్కువ ఉంటే కారణం వేరే. ఎంత జారుతోంది?

చప్పట్లరాయుడు
నా చప్పట్టుని ఎవరూ తీసిపారేయకండి. మైకు దగ్గరే కొట్టాలని మాత్రం గుర్తుపెట్టుకోండి. పది మీటర్ల దూరం నుంచి కొడితే శబ్దం చేరేసరికి 29 మిల్లీసెకన్లు, దాదాపు ఒక ఫ్రేము పోయినట్టే.

పాఠాలపిచ్చి
నా దగ్గర ఇయర్‌బడ్సే లేవండీ! స్పీకర్‌లోనే వింటున్నాను. చివర్లో బల్ల మీద పుస్తకం పెట్టిన చప్పుడు పట్టుకుని చూశాను, సుమారు ఒక సెకను తేడా. సాయంత్రం తీసింది, గదిలో వెలుతురు తక్కువ.

నిశ్శబ్దం48
అదీ సంగతి. వెలుతురు తగ్గితే చాలా ఫోన్ కెమెరాలు ఫ్రేమ్ రేటు (సెకనుకి తీసే బొమ్మల సంఖ్య) తగ్గించేస్తాయి. కొన్ని యాప్‌లు మాత్రం అన్నీ సెకనుకి 30 ఫ్రేములే అనుకుని వేసుకుపోతాయి, బొమ్మ ముందుకెళ్లిపోతుంది. ఒక పరీక్ష చేయండి. టైమ్‌లైన్ చివర్లో వీడియో సొంత ఆడియో పెదాలకి కలుస్తోందా? అది కూడా కలవకపోతే తప్పు మీ కాలర్ మైకుది కాదు. ఇకపై ఫ్రేమ్ రేటు స్థిరంగా ఉంచే కెమెరా యాప్ వాడండి, లైటు పెంచండి.

పాఠాలపిచ్చి
కలవట్లేదు! సొంత ఆడియో కూడా వెనకే ఉంది. మరి తీసేసిన పాఠం?

కందిరీగ
ఆడియో వేగం కొంచెం పెంచండి.

ఇయర్‌బడ్‌దాసు
ఏ యాప్‌లో? చాలావాటిలో స్లయిడర్ 0.1 చొప్పున, అంటే నూటికి పది చొప్పున కదులుతుంది. ఆయనకి కావాల్సింది నూటికి 0.04. వాక్యానికీ వాక్యానికీ మధ్య మౌనం దగ్గర ఆడియోని కోసి, నాలుగైదు నిమిషాలకోసారి కాస్త మౌనం తీసేసి ముందుకు జరపడమే మార్గం. మాట మధ్యలో కోయకండి, టక్‌మని వినిపిస్తుంది.

కందిరీగ
కోసినా పర్వాలేదు, చిన్న ఫేడ్ పెడితే వినపడదు. ఇంకోటి, వీడియో సొంత ఆడియోని మొదట్లోనే డిలీట్ చేయకండి. కలిపేదాకా అదే ఆధారం. కలిపాక మ్యూట్ చేయాలి. రెండూ మోగితే బావిలో మాట్లాడినట్టుంటుంది.

పాఠాలపిచ్చి
చాలా థాంక్స్. మరి ఫ్యాన్ హోరు?

చప్పట్లరాయుడు
ఫ్యాన్ ఆపేయండి.

పాఠాలపిచ్చి
ఆపితే వీడియో తీసే ఫోన్ వేడెక్కి మధ్యలో ఆగిపోతోందండీ.

గమకం
కవర్ తీసేసి తీయండి. 4కే పెట్టారేమో, పాఠానికి 1080 చాలు.

ఇయర్‌బడ్‌దాసు
1080 చాలని ఎవరన్నారు? బోర్డు మీద చిన్న అక్షరాలుంటే?