అపార్ట్‌మెంట్ గేటుకి ఫేస్ రికగ్నిషన్: సగం మంది సరే, సగం మంది వద్దు. ఏం చూసి తేల్చుకోవాలి?

మారతహళ్లి_బ్లాక్‌సి అడిగింది:

అందరికీ నమస్కారం. బెంగళూరు మారతహళ్లి వైపు 420 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ మాది. ఇంటిపని, వంటపని చేసేవాళ్లు, డ్రైవర్లు కలిపి రోజూ 300 మంది దాకా వచ్చిపోతారు. ఇప్పుడు గేటు దగ్గర ట్యాబ్‌లో ఆరంకెల కోడ్ కొట్టి లోపలికొస్తున్నారు. ఒకరి కోడ్‌తో ఇంకొకరు వస్తున్నారని, పొద్దున ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా లైను రోడ్డెక్కుతోందని ఫిర్యాదులు. అందుకని రెండు గేట్లకీ ముఖం గుర్తుపట్టే మెషీన్లు పెడదామని కమిటీ ప్రతిపాదన తెచ్చింది.

అప్పటినుంచి వాట్సాప్ గ్రూపు మండిపోతోంది. "ఎయిర్‌పోర్టులో డిజీయాత్రకి ముఖం చూపిస్తున్నాం కదా, ఇక్కడ కొత్తగా ఏం కొంప మునిగింది" అని కొందరు. "మా పిల్లల ముఖాలు ఎవరి సర్వర్లోకో వెళ్లడానికి వీల్లేదు" అని కొందరు. "నల్లటివాళ్లలో నూటికి 34 మందిని ఇవి తప్పుగా పట్టుకుంటాయి, ఎంఐటీ వాళ్లే తేల్చారు" అని ఒకరు పెట్టారు. ప్రతిపాదనలో మాత్రం ఒక వాక్యం ఉంది: నివాసులకు ఐచ్ఛికం, పనివాళ్లకు తప్పనిసరి. అది నాకు మింగుడుపడటం లేదు. వాళ్లనెవరూ అడగలేదు కూడా.

మూడు వారాల్లో సర్వసభ్య సమావేశం. ఈ భయాల్లో నిజమెంత? వెండర్‌ని ఏమేం అడగాలి? మెజారిటీ ఓటు పడితే చాలా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

వైడ్‌యాంగిల్ జవాబు:

ముందు ఆ 34 శాతం సంగతి. ఆ అంకె మీటింగులో చెబితే వెండర్ ఒక్క మాటతో కొట్టిపారేస్తాడు, దాంతోపాటు మీ మిగతా వాదన కూడా పోతుంది. అది 2018లో పరిశోధకులు జాయ్ బులామ్‌వీనీ, టిమ్నిట్ గెబ్రూ చేసిన జెండర్ షేడ్స్ అధ్యయనంలోది. ముదురు చాయ ఆడవాళ్ల దగ్గర 34.7 శాతం దాకా తప్పులు, లేత చాయ మగవాళ్ల దగ్గర ఎక్కువలో ఎక్కువ 0.8 శాతం. కానీ అక్కడ పరీక్షించింది ఫోటోలో ఉన్నది ఆడా మగా అని చెప్పడాన్ని. ఈ మనిషి ఫలానా అని గుర్తుపట్టడాన్ని కాదు.

మీ గేటుకి పనికొచ్చేది అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2019 డిసెంబరులో ఇచ్చిన నివేదిక. ఒకరిని చూసి ఇంకొకరనుకునే పొరపాటు చాలా ఆల్గారిథమ్‌లలో (ముఖాలు పోల్చే ప్రోగ్రాములు) ఆసియా, ఆఫ్రికా మూలాల ముఖాలకి తెల్లవాళ్ల కంటే 10 నుంచి 100 రెట్లు దాకా ఎక్కువగా కనబడింది. మగవాళ్ల కంటే ఆడవాళ్లలో ఎక్కువ. అయితే ఆసియాలో తయారైన కొన్ని ఆల్గారిథమ్‌లలో ఆసియా ముఖాలకి ఈ తేడా రాలేదు. ఏ ముఖాలు చూపించి నేర్పారన్నదాని మీద ఇది ఆధారపడి ఉండొచ్చని ఆ నివేదికే అంది. కాబట్టి వెండర్‌ని "ఎంత యాక్యురసీ" అని అడగొద్దు, 99 పాయింట్ ఎంతో అనేస్తాడు. "లోపలున్న ఆల్గారిథమ్ ఎవరిది, నిస్ట్ పరీక్షకి వెళ్లిందా, ఏ థ్రెషోల్డ్ దగ్గర ఈ అంకె" అని అడగండి.

థ్రెషోల్డ్ అంటే ఏంటో అందరికీ అర్థమయ్యేలా చెప్పగలిగితే సగం గొడవ తగ్గుతుంది. మెషీన్ ముఖాన్ని కత్తిరించి చిన్న చదరంగా మారుస్తుంది (112 బై 112 పిక్సెళ్లు మామూలు), దాన్నుంచి 512 అంకెల వరస తీస్తుంది. అదే టెంప్లేట్, మనిషికి 2 కేబీ ఉంటుంది. గేటు దగ్గర నిలబడ్డ ముఖం వరసని లోపలున్న వరసలతో పోల్చి, పోలిక ఒక గీత దాటితే తలుపు తీస్తుంది. ఆ గీతే థ్రెషోల్డ్. పైకి జరిపితే అసలు మనిషినే ఆపేస్తుంది, కిందికి దింపితే పరాయి మనిషిని రానిస్తుంది. రెండూ ఒకేసారి తగ్గవు.

ఇప్పుడు మీ లెక్క. నివాసులు, పనివాళ్లు కలిపి 1,500 టెంప్లేట్లు అనుకుందాం. ఒక్క పోలికలో పొరపాటు లక్షకి ఒకటి అనుకుందాం, కాగితం మీద చాలా మంచి అంకె. కానీ పరాయి మనిషి ఒకసారి నిలబడితే జరిగేవి 1,500 పోలికలు, అంటే 1.5 శాతం అవకాశం. వంద మంది ప్రయత్నిస్తే ఒకరో ఇద్దరో లోపలికొచ్చేస్తారు. అటువైపు, సొంత మనిషిని ఆపేయడం 2 శాతం అనుకున్నా 300 మంది రాకపోకలు 600కి రోజుకి 12 సార్లు "గుర్తించలేదు" అని ఎర్రలైటు. ఆ పన్నెండు మందికీ ఆ పూట ఏం జరగాలో ప్రతిపాదనలో ఉందా? సెక్యూరిటీ గార్డు ఫ్లాటుకి ఫోన్ చేసి తీయాలా, పక్కన నిలబెట్టాలా? ఇది రాయకుండా పెట్టే ఏ మెషీనైనా పనివాళ్ల మీద పడే జరిమానాగా మారుతుంది, ఎందుకంటే పావుగంట ఆలస్యానికి మాట పడేది వాళ్లే.

దీన్ని బాగా తగ్గించే దారి ఒకటుంది. కార్డు గీకి, ఆ కార్డు మనిషి టెంప్లేట్ ఒక్కదానితోనే ముఖం పోల్చడం. 1,500 పోలికల బదులు ఒక్కటి. కోడ్ అరువివ్వడం కూడా ఆగుతుంది. కార్డు మాత్రం 13.56 మెగాహెర్ట్జ్ వాటిలో డెస్‌ఫైర్ రకం తీసుకోండి, దానికి నకలు తీయడం కష్టం. పాత 125 కిలోహెర్ట్జ్ కార్డులకి చిన్న పరికరంతో నకలు తీస్తారు.

వెలుతురు గురించి కూడా. బెంగళూరులో పొద్దున ఏడున్నరకి ఎండ వాలుగా పడుతుంది. కెమెరా తూర్పు చూస్తుంటే సూర్యుడు మనిషి వెనక ఉంటాడు, ముఖం నల్లటి నీడవుతుంది. చామనచాయ ముఖాలకి ఇంకా కష్టం. గొడుగులా పైకప్పు, పక్క రేకు పెట్టించండి, లేదా కెమెరాని ఉత్తరానికి తిప్పించండి. కెమెరా నేల నుంచి 1.4 మీటర్ల దగ్గర ఉంటే పొట్టివాళ్లకీ సరిపోతుంది. గార్డు ఎత్తుకి బిగిస్తే పొట్టిగా ఉన్న ఆడవాళ్లందరూ మునివేళ్ల మీద నిలబడాలి. ఎన్‌రోల్ (నమోదు) ఫోటోలు ఆఫీసు గదిలో కాకుండా అదే గేటు దగ్గర తీయాలి: కొంగు తలమీద ఉన్నప్పుడు ఒకటి, లేనప్పుడు ఒకటి, కళ్లజోడుతో ఒకటి.

చట్టం_చదువరి జవాబు:

మెజారిటీ ఓటు చాలదు. గేటుకి మెషీన్ కొనడానికి ఓటు సరిపోతుంది, ఒక మనిషి ముఖం తీసుకోవడానికి ఆ మనిషి సమ్మతే కావాలి.

డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టానికి 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది, రూల్స్ 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. నోటీసు, సమ్మతి, భద్రతకు సంబంధించిన ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువు, అంటే 2027 మే. "ఇంకా టైముంది కదా" అని ఎవరైనా అంటే, మీరు పెట్టే సిస్టమ్ ఆ తర్వాత కూడా నడుస్తుందని గుర్తుచేయండి.

చట్టం దృష్టిలో ఎందుకు, ఎలా వాడాలో నిర్ణయించేది మీ అసోసియేషన్, కాబట్టి బాధ్యత అసోసియేషన్‌దే. వెండర్ మీ తరఫున పనిచేసేవాడు మాత్రమే, వాడితో రాతపూర్వక ఒప్పందం ఉండాలి. డేటా బయటికి పొక్కకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా వేయొచ్చు. అది గరిష్ఠం, మీకు అంత పడుతుందని కాదు. కానీ "వెండర్ చూసుకుంటాడు" అనే మాటకి చట్టంలో చోటు లేదని కమిటీకి తెలియాలి.

సమ్మతి స్వేచ్ఛగా, ఫలానా పనికని స్పష్టంగా, షరతు లేకుండా ఉండాలి. ఆ పనికి అవసరమైనంత డేటాకే వర్తిస్తుంది. ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకునే వీలుండాలి. "ముఖం ఇవ్వకపోతే గేటు తీయం" అంటే పని పోతుందనే భయంతో ఇచ్చే సమ్మతి అది. దాన్ని స్వేచ్ఛ అనలేం. మీకు మింగుడుపడని ఆ వాక్యమే ప్రతిపాదనలో బలహీనమైన చోటు. కార్డో, కోడో మరో దారి అందరికీ సమానంగా ఉండాలి, అదీ వేరే లైను, వేరే వేచివుండటం లేకుండా.

ఏ డేటా ఎందుకు తీసుకుంటున్నారో చెప్పే నోటీసుని ఇంగ్లీషులో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్ భాషల్లో గానీ చదువుకునే వీలివ్వాలి. మీ దగ్గర కన్నడ, తెలుగు, తమిళం, హిందీ, బెంగాలీ కనీసం కావాలి. చదవడం రానివాళ్లకి వాళ్ల భాషలో వినిపించండి, వేలిముద్ర వేయించి ఊరుకోవడం కాదు. 18 ఏళ్లలోపు పిల్లలకైతే తల్లిదండ్రుల సమ్మతి నిర్ధారించుకోవాలి, వాళ్ల కదలికలు ట్రాక్ చేయడం మీదా నిషేధం ఉంది. నా సలహా, పిల్లల ముఖాలు అసలు ఎక్కించొద్దు.

డిజీయాత్ర పోలిక తెచ్చేవాళ్లకి: 2022 డిసెంబరు 1న ఢిల్లీ, వారణాసితో పాటు మన బెంగళూరు విమానాశ్రయంలోనే అది మొదలైంది. వివరాలు ప్రయాణికుడి ఫోన్లో ఉంటాయి, విమానాశ్రయానికి పంపినవి విమానం బయలుదేరిన 24 గంటల్లో తీసేయాలన్నది దాని నియమం. ఇష్టం లేనివాళ్లకి మామూలు లైను ఉంది. మీ ప్రతిపాదనలో ఈ మూడింటిలో ఏదుంది? వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం 2017 ఆగస్టు 24న చెప్పిన కేసు వేసింది కూడా కర్ణాటక హైకోర్టు మాజీ జడ్జి కె.ఎస్. పుట్టస్వామి గారే. బెంగళూరులో ఉండి ఈ ప్రశ్న అడగడం అతి జాగ్రత్తేమీ కాదు.

పన్నెండువోల్టు జవాబు:

వైరింగు సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి. గేటుకి మాగ్నెట్ లాక్ అయితే కరెంటు పోగానే తెరుచుకునే రకమే కావాలి. ఫైర్ అలారం రిలేతో (కరెంటుని కలిపే, తెంచే స్విచ్చు) లాక్ కరెంటు నేరుగా తెగాలి, సాఫ్ట్‌వేర్ ద్వారా కాదు. లోపలివైపు పగలగొట్టే ఆకుపచ్చ ఎమర్జెన్సీ బటన్ తప్పనిసరి. 600 పౌండ్ల బలంతో పట్టి ఉంచే మాగ్నెట్ 12 వోల్టుల దగ్గర అర ఆంపియర్ దాకా లాగుతుంది, మెషీన్ ఇంకో ఆంపియర్. 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ మీద కాగితం లెక్క నాలుగున్నర గంటలు, బ్యాటరీ పాతబడితే మూడు గంటలే అనుకోండి. లాక్ రిలే మెషీన్ లోపల ఉంటే గోడ మీంచి మెషీన్ పీకి లాక్ వైరు తెంపితే చాలు, తలుపు తెరుచుకుంటుంది. రిలే బోర్డు గార్డు గదిలో వేరుగా పెట్టించండి.

మారతహళ్లి_బ్లాక్‌సి:

చాలా థాంక్స్ అండి అందరికీ. వైడ్‌యాంగిల్ గారూ, "ఫోటోలు దాచం, అంకెలే దాస్తాం, దాన్నుంచి ముఖం తిరిగి రాదు" అని వెండర్ చెప్పాడు. నిజమేనా? ఇంకోటి, పనివాళ్లని అడగాలంటే ఎలా అడగాలి? కమిటీ ముందు నిలబెట్టి అడిగితే అందరూ "సరే సార్" అనే అంటారు.

వైడ్‌యాంగిల్ జవాబు:

పూర్తిగా నిజం కాదు. అంకెల వరసల నుంచి పోలికలున్న ముఖాన్ని తిరిగి తయారు చేయొచ్చని పరిశోధకులు చూపించారు. అదీకాక చాలా మెషీన్లు ఎన్‌రోల్ ఫోటోని, ప్రతిసారీ తలుపు తీసినప్పటి ఫోటోని కూడా దాస్తాయి. సెట్టింగుల్లో అవి ఆఫ్ చేసి చూపించమనండి. డెమో రోజు ఫోన్లో ఒకరి ఫోటో, వీడియో, రంగు ప్రింటు మెషీన్‌కి చూపించండి. ఒక్కదానికైనా తలుపు తీస్తే ఆ మోడల్ పక్కన పెట్టేయండి. ఎన్‌రోల్ కానివాళ్లు ఇరవై మందిని కూడా నిలబెట్టి చూడండి. డెమో పొద్దున ఏడున్నరకే పెట్టాలి, మధ్యాహ్నం ఆఫీసులో కాదు.

లైను కూడా ఒకసారి కొలవండి. రెండు పొద్దుటలు స్టాప్‌వాచ్ పట్టుకుని కోడ్ కొట్టడానికి ఎంత, సంచి చూడటానికి ఎంత, రిజిస్టరు రాయడానికి ఎంత అని విడివిడిగా రాయండి. సంచి దగ్గరే ఆగుతుంటే ఏ మెషీన్ పెట్టినా లైను తగ్గదు.

నీలిగేటు జవాబు:

అడగడం గురించి చెప్తాను. కమిటీ వాళ్లు, గార్డులు లేని చోట, నలుగురైదుగురిని కలిపి, వాళ్ల భాష మాట్లాడే ఆడమనిషి చేత అడిగించండి. "మీకు ఓకేనా" అని అడగొద్దు. "మెషీన్ ఆపేస్తే మీ ఇంటివాళ్లు ఏమంటారు?", "మీరొచ్చిన టైము ఎవరెవరికి కనబడుతోందో తెలుసా?", "పని మానేశాక మీ ఫోటో ఎవరిదగ్గర ఉండాలి?" అని అడగండి. జవాబులు పేర్లు లేకుండా రాసుకోండి.

రెండో ప్రశ్న చాలా ముఖ్యం. నివాసులు గోప్యత అంటే సర్వర్, హ్యాకర్ అనుకుంటారు. పనిమనిషికి గోప్యత అంటే గేటు రాకపోకలు నమోదయ్యే యాప్‌లో తను 7:10కి వచ్చి 7:55కి వెళ్లిందని నాలుగిళ్ల వాళ్లకీ కనబడటం. ఏ ఇంట్లో ఎంతసేపు ఉంది, నెలలో ఎన్ని నాగాలు, ఎవరో ఇచ్చిన రెండు స్టార్లు అన్నీ కొత్తగా పనికి పిలిచేవాళ్లు కూడా చూస్తారు. పండక్కి జీతం పెంచమని అడిగేటప్పుడు బేరం అక్కడే తేలిపోతుంది. మెషీన్ రాకముందే ఈ తీర్మానం చేయించండి: ఏ ఇంటికి ఆ ఇంట్లో పనిచేసేవాళ్ల రాకపోకలే కనబడాలి, రేటింగ్ ఆఫ్, లాగ్ (రాకపోకల రికార్డు) చూసి జీతం కోయకూడదు, "బ్లాక్" బటన్ ఒక్క మనిషి చేతిలో ఉండకూడదు. బ్లాక్ చేస్తే కారణం రాసి, ఆమెకి చదివి వినిపించి, ఆమె మాట విన్నాకే.

డేటా తీసేయడం ఒప్పందంలో గడువుతో రాయాలి. లాగ్‌లు కనీసం ఏడాది ఉంచమనే నిబంధనలు 2025 రూల్స్‌లో ఉన్నాయి కాబట్టి ఏది ఎప్పుడు తీసేయాలో లాయరు చేత రాయించండి. ఫోటో, టెంప్లేట్ వేరు, లాగ్ వేరు అని ఆయనకి ముందే చెప్పండి. పని మానేసిన మనిషి పేరు యాప్ లిస్టులోంచి పోయినంత మాత్రాన మెషీన్‌లో టెంప్లేట్ పోయినట్టు కాదు. రెండు గేట్ల మెషీన్లలో, సర్వర్లో, బ్యాకప్‌లో, నాలుగు చోట్ల ఉంటుంది. తీసేశామని వెండర్ చెప్పిన రోజు, ఆమె ఒప్పుకుంటే, ఆమెనే పిలిచి నెట్ కేబుల్ పీకిన రెండు మెషీన్ల ముందూ నిలబెట్టి చూడండి. రెండింటి మీదా "తెలియని వ్యక్తి" అని రావాలి.