అప్‌డేట్: రెండు సిజేరియన్ల తర్వాత నార్మల్ గురించి అడిగాను కదా

రెండు సిజేరియన్లయ్యాక నార్మల్‌కి ప్రయత్నిద్దామనే డాక్టర్ వైజాగ్‌లో ఉన్నారా అని అప్పట్లో అడిగాను. మొదట చూపించుకున్నచోట ఫైలైనా తెరవకుండా "మూడోదీ ఆపరేషనే, డేట్ చెప్పండి" అన్నారు.

మీలో ఒకరు చెప్పినట్టే పాత డిశ్చార్జి సమ్మరీలు వెతికించాను. ఒకటి గాజువాకలో అమ్మ బీరువాలో, పట్టుచీరల కింద దొరికింది! రెండుసార్లూ కోత గర్భాశయం కింది భాగంలో అడ్డంగానే ఉంది. అసలు చూసేది అదేనట. నిలువు కోతైతే ఈ ప్రయత్నమే వద్దంటారు. మహారాణిపేటలో చూపించుకున్న మేడం అరగంట మాట్లాడారు. పాత కుట్టు విచ్చుకునే ప్రమాదం నూటికి ఒకరికి అటూఇటుగా ఉంటుందని దాచకుండా చెప్పారు. నొప్పులు వాటంతటవే వస్తేనే చూద్దామన్నారు, మాత్రలతో తెప్పించనన్నారు. బిడ్డ గుండె మానిటర్ మీద ఆగకుండా చూడాలి, థియేటరూ రక్తమూ సిద్ధంగా ఉండాలి.

39వ వారంలో నొప్పులొచ్చాయి. గర్భాశయ ద్వారం ఏడు సెంటీమీటర్లు తెరుచుకున్న దగ్గర నేనే "నావల్ల కాదు, కోసేయండి" అని ఏడ్చాను. మేడం మానిటర్ చూసి "బిడ్డ బాగుందమ్మా, ఇంకో అరగంట చూద్దామా?" అన్నారు. అడిగారు, ఆర్డర్ వేయలేదు.

నార్మల్‌గానే పుట్టింది, ఆడపిల్ల. మర్నాడు నేనే లేచి బాత్రూమ్‌కి వెళ్తుంటే అత్తయ్య వెనకాలే పరిగెత్తుకొచ్చారు, కుట్లు ఊడిపోతాయని.