ఆట ఆపేసి కోచింగ్‌లోకి వెళ్లాలా? వైజాగ్ టెన్నిస్ వాళ్లు కాస్త చెప్పండి

లెఫ్టీ_ఎంవీపీ:
అందరికీ నమస్కారం. నాకు 27 ఏళ్లు, ఉండేది ఎంవీపీ కాలనీ. తొమ్మిదో ఏట రాకెట్ పట్టుకున్నా. ఐదేళ్లుగా ఐటీఎఫ్ (అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య) టోర్నీలు తిరుగుతున్నా, ఎక్కువగా ఎం15లే, అంటే ప్రొఫెషనల్ టోర్నీల్లో అన్నిటికంటే కింది మెట్టు, అందులోనూ చాలాసార్లు అసలు పోటీకి ముందుండే క్వాలిఫయింగ్‌లోనే ఆగిపోయా. రెండేళ్ల నుంచి ఎడమ భుజం నొప్పి, సర్వీస్‌లో మునుపటి వేగం లేదు. రైలు టికెట్లు, హోటల్, రాకెట్ స్ట్రింగింగ్ అన్నీ నాన్న జేబులోంచే. ఆయన ఒక్క మాట కూడా అనరు, నాకు అదే ఎక్కువ బాధ.

ఇక్కడే ఒక క్లబ్‌లో సాయంత్రం పిల్లల బ్యాచ్‌కి కోచ్‌గా రమ్మంటున్నారు. 2014లో మన సాకేత్ మైనేని ఇంచియాన్ ఏషియన్ గేమ్స్‌లో సానియాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ గోల్డ్ కొట్టినప్పుడు నేను స్కూల్లో ఉన్నా. రెండు వారాలకే హుద్‌హుద్ వచ్చి మా కోర్టు మీద చెట్లు కూలితే, కొమ్మలన్నీ మేమే ఈడ్చేసి, చిరిగిన నెట్‌ని తాడుతో కట్టుకుని మరీ ఆడాం. అంత పిచ్చి ఉన్నవాడిని, ఇప్పుడు కోచింగ్ అంటే చేతులెత్తేసినట్టే అనిపిస్తోంది. పెద్ద ర్యాంకు లేనివాడి మాట పిల్లలు వింటారా? సర్టిఫికెట్లు ఏం కావాలి?

సీతమ్మధార_కోచ్:
తమ్ముడూ, ర్యాంకు సంగతి ముందు మనసులోంచి తీసెయ్. ఆస్ట్రేలియా ఆటగాడు డారెన్ కాహిల్ 1988లో యూఎస్ ఓపెన్ సెమీస్ ఆడాడు, బెస్ట్ ర్యాంకు 22, మోకాలు దెబ్బతిని ఆట మానేశాడు. హ్యూయిట్, అగస్సీ, హలెప్, సిన్నర్ నలుగురూ ఆయన కోచ్‌గా ఉన్నప్పుడు నంబర్ వన్‌లో నిలబడ్డవాళ్లే.

సర్టిఫికెట్ల విషయానికొస్తే, ఐటా (అఖిల భారత టెన్నిస్ సంఘం) ద్వారా ఐటీఎఫ్ కోర్సులు జరుగుతాయి, ప్లే టెన్నిస్ అనే తొలి కోర్సుతో మొదలుపెట్టి లెవల్ 1కి వెళ్లు. సాయ్ (స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా) లాంటి చోట ఉద్యోగం కావాలంటే ఎన్ఐఎస్ (పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ) కోచింగ్ డిప్లొమా అడుగుతారు.

కానీ అసలు కష్టం వేరే ఉంది. నీ చేతికి తెలిసినదాన్ని నోటితో చెప్పగలగాలి. నేను కోచ్ అయిన మొదటి నెలలో ఎనిమిదేళ్ల పాపకి సర్వీస్ నేర్పుతూ మణికట్టు ఇలా, మోచెయ్యి అలా అని అరగంట చెప్పా. పాపం తల ఊపుతూనే ఉంది, టాస్ (సర్వీస్ కొట్టే ముందు పైకి వేసే బంతి) మాత్రం ప్రతిసారీ వెనక్కే పోతోంది. చివరికి విసుగొచ్చి, "మీ ఇంట్లో అటక ఉందా? బంతిని దాని మీద పెట్టినట్టు వదులు" అన్నా. మూడో బంతికే టాస్ నిటారుగా లేచింది. నేను పదేళ్లు ఆడి నేర్చుకోనిది ఆ సాయంత్రం నేర్చుకున్నా.

ఇంకోటి, చిన్నపిల్లలకి మామూలు పసుపు బంతి ఇవ్వకు. పిల్లల కోసం చేసే ఎర్ర బంతి దానికంటే 75 శాతం నిదానం, 11 మీటర్ల చిన్న కోర్టు చాలు, మొదటి రోజే ర్యాలీ (బంతి ఆగకుండా అటూ ఇటూ కొట్టుకోవడం) ఆడేస్తారు. ర్యాలీ ఆడిన పిల్ల రెండో రోజు తనే వస్తుంది.

గాజువాక_అమ్మ:
బాబూ, పిల్లాణ్ణి పంపే తల్లిగా ఒక్కటి చెప్తాను. మావాణ్ణి ముందు చేర్పించిన చోట ఒక్క కోర్టులో ఇరవై మంది, ఒక్క బుట్ట బంతులు, అందరూ లైన్లో నిలబడాలి. ఒకరోజు గేటు దగ్గర కూర్చుని లెక్కపెడితే గంటలో మావాడికి అందినవి పన్నెండు బంతులు. డబ్బుకి బాధ లేదు కానీ వాడు ఇంటికొచ్చి "నాకు టెన్నిస్ రాదమ్మా" అన్నాడు చూడండి, అది తట్టుకోలేకపోయాను. కోర్టుకి ఎంతమందో ఆ క్లబ్ వాళ్లతో ముందే మాట్లాడుకోండి. మీ ర్యాంకు ఏ తల్లీ అడగదు, మా పిల్లాడి పేరు మీకు గుర్తుందా లేదా అని చూస్తాం.

స్టీల్‌ప్లాంట్_డబుల్స్:
బ్రో, నేను పైవాళ్లతో సగమే ఒప్పుకుంటా. కోచింగ్ తీసుకో, కానీ ఆట ఆపకు. ముందు ఆ భుజాన్ని మంచి స్పోర్ట్స్ ఫిజియోకి చూపించు, రెండేళ్లు నొప్పితో సర్వీస్ చేయడం ఏంటసలు? డబుల్స్‌లో లెఫ్టీకి ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. బోపన్న 43 ఏళ్ల వయసులో, 2024లో, ఆస్ట్రేలియన్ ఓపెన్ డబుల్స్ కొట్టి నంబర్ వన్ అయ్యాడు. పొద్దున్న నీ ప్రాక్టీస్, సాయంత్రం పిల్లలు. ఎలాగూ మన ఊరి ఉక్కపోతలో మధ్యాహ్నం ఎవరూ కోర్టు ఎక్కరు.

లెఫ్టీ_ఎంవీపీ:
అన్నా, మేడమ్, బ్రో, అందరికీ థ్యాంక్స్. నిన్న ఊరికే చూద్దామని వెళ్లా. కోర్టుకి ఎనిమిది మందే అని ఒప్పుకున్నారు. ఫోర్‌హ్యాండ్ చూపిస్తుంటే ఒక విషయం గమనించా, నేను ఎడమచేత్తో ఎదురుగా నిలబడితే కుడిచేతి పిల్లలకి అద్దంలో చూసినట్టే ఉంటోంది, వెనక్కి తిరిగి చూపించాల్సిన పనే లేదు. ఒక్క పిల్లాడికే అర్థం కాలేదు, వాడు కూడా ఎడమచేతివాడే. వాడి పక్కన నిలబడి ఇద్దరం కలిసి గాల్లో స్వింగ్ చేశాం, చీకటి పడి లైట్లు వేసేదాకా వదల్లేదు వాడు. శుక్రవారం ఫిజియో అపాయింట్‌మెంట్ తీసుకున్నా. ఎర్ర బంతులు మన ఊళ్లో ఎక్కడ దొరుకుతాయో ఎవరికైనా తెలిస్తే చెప్పండి, సోమవారానికి రెండు డజన్లు కావాలి.