పైన్ చెక్క బల్లకు పుట్టిన తుప్పు రంగు పుట్టగొడుగు ఏ జాతిది?

మేడతోట, అల్వాల్:
పాత ప్యాకింగ్ చెక్కతో మేడ మీద చేయించిన పైన్ బల్లకు, వాన నీరు నిలిచే చీలికల వెంబడి, విసనకర్ర ఆకారంలో పుట్టగొడుగులు వరుసగా పుట్టుకొచ్చాయి. పైభాగం తుప్పు రంగులో నూగుగా ఉంది, అంచు నారింజ పసుపు, అడుగున గట్టి రేకులున్నాయి. ఇది ఏ జాతి? మిగతా చెక్కకూ పాకుతుందా?

కొయ్యపని:
జాతి సంగతి తర్వాత చూద్దామండీ, చెక్కపై హెచ్‌టీ (వేడితో శుద్ధి చేశారనే గుర్తు) ముద్ర ఉందా? మాకు అమ్మినవారు ఆ ముద్ర చూపించి ఇక పుచ్చదన్నారు, రెండో వానాకాలానికే కాళ్లు మెత్తబడ్డాయి. చెక్క నడిమి భాగాన్ని 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచారనే ఆ ముద్రకు అర్థం. అప్పటికున్న పురుగులు చస్తాయి గానీ తర్వాత వచ్చే బూజును అది ఆపదు.

శిలీంధ్రప్రియ:
వర్ణనను బట్టి గ్లియోఫిల్లమ్ సెపియేరియమ్ అనే జాతి అనిపిస్తోంది. ఇది చెక్కలోని సెల్యులోజు అనే నార పదార్థాన్ని తినేసి, దాన్ని గట్టిగా పట్టి ఉంచే లిగ్నిన్‌ను చాలావరకు వదిలేస్తుంది కనుక చెక్క గోధుమ రంగుకు మారి, ఘనాలుగా పగులుతుంది.

తోటమాలి:
మా ఊళ్లో సరుగుడు మొదట్లోనూ ఎర్రగా, వార్నిష్ పూసినట్టు మెరిసేది ఒకటి వస్తుంది. సరుగుడూ పైన్‌లాగే కోనిఫరే (పూలు పూయకుండా శంకువుల్లాంటి కాయలు కాసే సూదాకుల చెట్టు) కాబట్టి రెంటి మీదా వచ్చే పుట్టగొడుగులు ఒకటే.

శిలీంధ్రప్రియ:
కాదండీ, సరుగుడు పూలు పూసే చెట్టు. మీరు సూదులనుకునేవి సన్నని కొమ్మలు. ఒకదాన్ని రెండు చేతులా పట్టి లాగితే కణుపు దగ్గర ఊడి వస్తుంది, అక్కడ చుట్టూ కనిపించే చిన్న పళ్లలాంటివే ఆకులు. మీరు చూసినది గానోడెర్మా అనే వేరే పుట్టగొడుగు కావచ్చు.

తోటమాలి:
సరుగుడు తోటల్లో పెరిగినవాళ్లం, ఆ కాయలు ఏరుకుని ఆడుకున్నవాళ్లం. మాకు పుస్తకం చూసి పాఠం చెప్పకండి.

ప్రయోగశాల:
కాయ ఆకారాన్ని చూసి కుటుంబం తేల్చకూడదు, ఆ విషయంలో శిలీంధ్రప్రియ గారి మాటే సరైనది. అయితే పుట్టగొడుగుల గుర్తింపు నేను వృత్తిగా చేస్తున్న పని గనుక గట్టిగానే చెబుతున్నాను: వర్ణన ఒక్కటీ చూసి సెపియేరియమ్ అని తేల్చడం తొందరపాటు. దాని దగ్గరి బంధువు గ్లియోఫిల్లమ్ ట్రాబియమ్ కూడా పైన్ మీద పెరుగుతుంది, దాని అడుగున సన్నని రంధ్రాలూ చిక్కుదారులూ ఎక్కువ. అంచు దగ్గర స్కేలు పెట్టి రేకులు లెక్కించండి. సెంటీమీటరుకు 15–20 వస్తే సెపియేరియమ్ వైపు మొగ్గవచ్చు. గుర్తింపుకు వాడే పొటాషియం హైడ్రాక్సైడ్ అనే రసాయనం చుక్కకు పుట్టగొడుగు కండ నల్లబడటం ఈ రెంటిలోనూ ఉంటుంది, దానితో జాతి తేలదు.

కొయ్యపని:
రేకులు లెక్కించేలోపు బల్ల విరుగుతుంది. స్క్రూడ్రైవర్ గుచ్చి పైకి లేపండి: మంచి చెక్క పొడవాటి పేళ్లుగా లేస్తుంది, కుళ్లినది పొట్టిగా పెళుసుగా విరుగుతుంది. విరిగినంత మేరా, దాని పక్కన మరికొంతా కోసేయండి. చెక్కలో తేమ 20 శాతం లోపుంటే బూజు పెరగదు, కానీ ఎండినంత మాత్రాన చావదు, మళ్లీ తడిస్తే మొదలవుతుంది. కాళ్లు నేరుగా స్లాబును తాకకుండా అడుగున రబ్బరు ముక్కలు వేయండి.