పెద్దకర్మ అయిపోయాక జవాను ఇంటికి మనం ఏం చేయగలం?

బడిపంతులు: మా బడిలో చదువుకున్న కుర్రవాడు గత నెల సరిహద్దులో ప్రాణాలు విడిచాడు. అంత్యక్రియల నాడు ఊరు ఊరంతా కదిలివచ్చింది, గాలిలోకి తుపాకులు పేల్చి వందనం చేశారు, మడిచిన జెండాను అతని భార్య చేతుల్లో పెట్టారు. పెద్దకర్మ ముగిసి షామియానా విప్పాక ఆ వీధిలో అలికిడి లేదు. ఏం మాట్లాడాలో తోచక నేను గేటు దాకా వెళ్లి రెండుసార్లు వెనక్కి వచ్చాను. ఇలాంటి ఇళ్లకు తోడుగా నిలిచినవారు చెప్పగలరు.

మాజీ హవల్దారు, సూర్యాపేట: పంతులుగారూ, ముందు కాగితాల దగ్గర కూర్చోండి. 2020 జూన్ 15న గల్వాన్‌లో అమరులైన మా ఊరి కర్నల్ సంతోష్ బాబు గారి కుటుంబానికి రాష్ట్ర ప్రభుత్వం 5 కోట్ల రూపాయలు, ఇంటి స్థలం, ఆయన భార్యకు గ్రూప్-1 స్థాయి ఉద్యోగం ఇచ్చింది. అది చూసి ప్రతి జవాను ఇంటికీ అలాగే అందుతుందని జనం అనుకుంటారు, అందదు. శత్రువుతో పోరులో మరణిస్తే భార్యకు చివరి జీతంతో సమానమైన పెన్షన్, విధుల కారణంగా మరణిస్తే 60 శాతం, విధులతో సంబంధం లేని మరణమైతే అంతకన్నా తక్కువ వస్తుంది. అందువల్ల మరణాన్ని ఏ కోవలో నమోదు చేశారో సైన్యం రికార్డ్స్ ఆఫీసు పంపిన ఉత్తరంలో తప్పక చూడండి. పెళ్లి, బిడ్డ పుట్టుక సర్వీసు రికార్డులోకి ఎక్కాయా, ఆధార్‌లో ఆమె పేరు అక్షరం తేడా లేకుండా ఉందా అన్నవి సరిచూసి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెంట వెళ్లండి.

వీర నారి (అమరుడైన జవాను భార్య; పేరు వద్దు): హవల్దారుగారు చెప్పినవన్నీ నిజమే. అయితే నన్ను కాగితాలకన్నా ఎక్కువగా కుంగదీసింది మా ఆయన సామాన్ల నల్ల ట్రంకు పెట్టె. యూనిట్ నుంచి అది రెండు నెలల తరువాత వచ్చింది; మూత మీద తెల్లరంగుతో ఆయన నంబరు, లోపల బూట్ పాలిష్ వాసన, సగం వాడిన సబ్బు. ఆ రోజు మా ఇంట్లో బయటివాళ్లెవరూ లేరు. అంతకుముందు వచ్చినవాళ్లంతా వీరుడి భార్యవి, ఏడవకూడదన్నారు. ఆ మాట మాత్రం దయచేసి ఎవరూ అనకండి. పెన్షన్ నా పేరున, ఇన్సూరెన్స్ నామినీగా రాసినవారి పేరున రావడంతో అత్తమామలకూ నాకూ మాటలు ఆగిపోయాయి. కొడుకును పోగొట్టుకున్న ఆ పెద్దవాళ్లను అసలు పలకరించినవారే తక్కువని ఇప్పుడు ఆలోచిస్తే బాధ వేస్తుంది. మీరు వెళ్లినప్పుడు ఆ ముసలాయన పక్కన కూడా కాసేపు కూర్చోండి, వాళ్లబ్బాయిని పేరు పెట్టి తలచుకోండి.

బడిపంతులు: అమ్మా, ఈ సాయంత్రం వెళ్లాను. లెక్కల పరీక్ష నాడు ఆ కుర్రవాడు జ్యామెట్రీ బాక్సు మరచి వచ్చి, నా పెట్టె అడిగి తీసుకుని మళ్లీ తిరిగి ఇవ్వని సంగతి చెప్పాను. వాళ్ల నాన్న లోపలికి వెళ్లి పాత బీరువాలోంచి ఆ పెట్టె తెచ్చి చూపించారు. అతని భార్య, అతను ఏ బెంచీలో కూర్చునేవాడని అడిగింది. సోమవారం ఆధార్ కేంద్రానికి ముగ్గురం కలిసి వెళ్తున్నాం.